నతానియేలు మంకీ టోపీ

శనివారం పొద్దున్న ఇడ్లీలు తింటూ జీవరత్నం గారు ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ సాయంత్రం నుంచి మెస్‌లో మళ్ళీ గంట కొట్టాలి.

జీవరత్నం గారు సుబేదారుగా రిటైరై కంకిపాడులో స్థిరపడ్డారు. అక్కడి మాజీ సైనికుల మెస్‌కి సెక్రటరీ. మెస్ అంటే క్యారేజీలు కట్టే భోజనశాల అనుకునేరు. మిలటరీలో చేసి వచ్చినవాళ్ళు వారానికో సాయంత్రం ఒకచోట చేరి, ఓ పెగ్గు వేసుకుని, చేపల వేపుడు తిని, ఒకప్పుడు తాము ఎంత గొప్పవాళ్ళో ఒకరికొకరు గుర్తు చేసుకునే చోటు అది. బందరు రోడ్డు మీద ఎరువుల కొట్టు పైన ఒక హాలు, కొన్ని కుర్చీలు, గోడకి ఓ ఇత్తడి గంట. ఒకప్పుడు అక్కడ నిలబడడానికి చోటుండేది కాదు. ఇప్పుడు శనివారం వస్తే సెక్రటరీ, వంటమనిషి శౌరమ్మ, ఆమె వేయించిన చేపలు తప్ప ఎవరూ ఉండటం లేదు. చేపలు మిగిలిపోతున్నాయి, అద్దె పేరుకుపోతోంది.

బిల్డింగు ఓనరు మర్యాదస్తుడు. కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పాడు.

"సార్, ఓ నెల చూస్తానండి. ఇలాగే ఉంటే జిమ్ము వాళ్ళకి ఇచ్చేస్తాను. మీరేం అనుకోవద్దు."

జీవరత్నం గారు అనుకోకుండా ఉండలేకపోయారు. భార్య తెరేసమ్మ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయనతో మాట్లాడేవాళ్ళు లేరు. మిగతా సాయంత్రాలు ఎలాగో నెట్టుకొచ్చేవారు. టీవీ పెట్టుకునేవారు, చర్చికి వెళ్ళేవారు, ఏమీ తోచకపోతే రెండోసారి స్నానం చేసేవారు. శనివారం ఒక్కటే బతికినట్టుండేది. అదీ పోతే ఆ సాయంత్రం కూడా ఆ ఇంట్లోనే కూర్చోవాలి. సరిహద్దులో కాపలా కాసిన మనిషికి తన ఇంటి హాలంటే భయం పట్టుకుంది. ఆ మాట పైకి చెప్పుకోవడానికి సిగ్గు.

అందుకని గంట. మిలటరీ మెస్‌లలో ఒక పాత ఆచారం ఉంది. తలమీద టోపీతో ఎవడైనా లోపలికి వస్తే వెంటనే గంట కొడతారు. ఆ టోపీవాడు అక్కడున్న అందరికీ తన ఖర్చుతో ఒక్కో గ్లాసు పోయించాలి. తాగనివాళ్ళకి గోలీసోడా. టోపీ అయినా, తువ్వాలయినా, తలమీద ఏదున్నా తప్పే. సర్దార్జీల తలపాగాకి మినహాయింపు ఉంది. కంకిపాడులో సర్దార్జీలు లేరు కాబట్టి మినహాయింపూ లేదు. ఈ ఆచారం మళ్ళీ మొదలుపెడితే కాస్త సందడికి సందడి, గల్లాపెట్టెకి కాస్త కళ వస్తాయని సెక్రటరీ గారి ఆలోచన. వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలియజేశారు. జవాబుగా పదిమంది నమస్కారం బొమ్మ పెట్టారు. సాయంత్రం వచ్చింది మాత్రం ముగ్గురు. ముగ్గురూ మే నెల ఎండలో నెత్తి మాడ్చుకుని మరీ వట్టి తలలతో వచ్చారు.

నాలుగోవాడు నతానియేలు. మిలటరీ లారీలు నడిపి నాయక్‌గా రిటైరైనవాడు, పక్కనే ఈడుపుగల్లులో ఉంటాడు. ఎండకి రోడ్డు మీద తారు కరుగుతున్న ఆ సాయంత్రం అతను కనుబొమ్మల కిందికి లాగిన మంకీ టోపీతో మెట్లెక్కి వచ్చాడు.

జీవరత్నం గారి ప్రాణం లేచొచ్చింది. ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్ళి ఠంగుమని గంట కొట్టారు.

"దొరికావయ్యా నతానియేలూ! మెసేజ్ చూళ్ళేదా?"

"చూశాను సాబ్," అన్నాడు నతానియేలు కూర్చుంటూ. "పోయించండి అందరికీ."

"సరే, టోపీ తియ్యి మరి."

"ఉండనివ్వండి సాబ్. చలిగా ఉంది."

అందరూ గొల్లున నవ్వారు. మే నెలలో కృష్ణా జిల్లాలో చలి అన్నవాడిని చూసి నవ్వకపోతే అది మర్యాద కాదు. నతానియేలు కూడా నవ్వాడు. ఆ పూట వచ్చినవాళ్ళు చీకటి పడేదాకా కదల్లేదు. శౌరమ్మ చేపలు మిగలలేదు.

తర్వాతి శనివారం కూడా నతానియేలు అదే టోపీతో వచ్చాడు. మళ్ళీ గంట, మళ్ళీ అందరికీ గ్లాసులు. కబురు ఊళ్ళు దాటింది. ఈడుపుగల్లు నతానియేలు ప్రతి శనివారం ఊరికే పోయిస్తున్నాడని తెలిసి, ఏళ్ళ తరబడి మెస్ ముఖం చూడనివాళ్ళు పాత చందా కట్టి మరీ మెట్లెక్కారు. మంగళగిరి నుంచి ఒకాయన బస్సులో వచ్చి, ఆఖరి బస్సు తప్పిపోయి, మెస్ బల్ల మీదే పడుకున్నాడు.

ఊరికే తాగేవాళ్ళు ఊరికే ఉండలేరు కదా. ఎందుకు పోయిస్తున్నాడన్న చర్చ మొదలైంది. అమరావతి వైపు స్థలం అమ్ముకున్నాడని ఒకరన్నారు. జుట్టుకి రంగేసుకుంటే వికటించిందనీ, అందుకే టోపీ తియ్యడం లేదనీ మరొకరన్నారు. అసలు సంగతి కనిపెట్టినవాడు రామకోటేశ్వరరావు. ఆయన హవల్దారుగా ఉండి ఆఫీసు పనులు చేసినవాడు, ఇప్పుడు స్థలాల బేరాలు కుదురుస్తుంటాడు. లోకంలో కారణం లేకుండా ఏదీ జరగదని ఆయన నమ్మకం.

"పిచ్చోళ్ళలా మాట్లాడకండి. మన జిల్లాలో ఎవడైనా ఊరికే మందు పోయిస్తాడా? ఎలక్షనొస్తే తప్ప!" అన్నాడు. "సుబేదారు గారు దిగిపోతున్నారు. ఇతగాడు సెక్రటరీ పోస్టుకి కర్చీఫ్ వేస్తున్నాడు."

ఎన్నికలేవీ లేవు. సెక్రటరీ దిగిపోవడమూ లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పోటీ మాత్రం మొదలైపోయింది. మరుసటి వారం రామకోటేశ్వరరావు విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న కౌబాయ్ టోపీతో గుమ్మంలో నిలబడి, గంట మోగేదాకా లోపలికి రాలేదు. అందరికీ పోయించి, చేతులు జోడించి, బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి మోకాళ్ళ నొప్పుల గురించి పేరుపేరునా వాకబు చేశాడు. ఇది చూసి గుడివాడ నుంచి వచ్చే అబ్రహాముకి పౌరుషం వచ్చింది. మోటార్ సైకిల్ దిగి హెల్మెట్‌తోనే పైకి వచ్చాడు. హెల్మెట్ టోపీ కిందికి వస్తుందా రాదా అని అరగంట వాదన జరిగింది. రాదని అంటే అబ్రహాముకి కోపం వచ్చేలా ఉందని, వస్తుందని తీర్మానించారు.

జీవరత్నం గారు ఒక్క మాట చెబితే ఆ గాలి కబురు అంతటితో పోయేది. చెప్పలేదు. వచ్చే లక్ష్మిని కాలదన్నడం ఎందుకని ఊరుకున్నారు. హాలు నిండింది, ఓనరు కింద నుంచి తొంగిచూసి జిమ్ము మాట ఎత్తకుండా వెళ్ళాడు. ఆదివారాలు నిద్ర లేస్తూనే మళ్ళీ శనివారం ఎప్పుడా అనుకునే స్థితికి వచ్చారాయన.

ఒక్కటే బెంగ. నతానియేలు టోపీ అంచు చిరిగి, పోగులు ఊడి వేలాడుతోంది. రేపు అది పనికిరాకుండా పోతే, ఇదంతా మొదలుపెట్టినవాడు వట్టి తలతో వస్తే, పోటీ చల్లారిపోదూ? అందుకని ఆయన ట్రంకు పెట్టె తెరిచారు. లడాఖ్‌లో ఉండగా తెరేసమ్మ అల్లి పంపిన మంకీ టోపీ అడుగున ఉంది. మెత్తటి ఉన్ని. ఎవరికైనా ఇస్తానని ఎన్నడూ అనుకోలేదు. కాసేపు చేతిలో పట్టుకుని, "ఏం చెయ్యమంటావే, మెస్ నిలబడాలి" అని భార్యకి చెప్పుకుని, కాగితంలో చుట్టి తీసుకెళ్ళారు.

"ఇది పెట్టుకోవయ్యా. నీకు బావుంటుంది."

నతానియేలు ఆ టోపీని చాలాసేపు తడుముతూ కూర్చున్నాడు. తర్వాత ఆయన ముఖంలోకి చూసి, "థాంక్యూ సాబ్" అన్నాడు. గొంతు ఎందుకు జీరబోయిందో జీవరత్నం గారికి అర్థం కాలేదు. ఆయన చెయ్యి అప్పటికే గంట తాడు మీద ఉంది.

ఆ సాయంత్రమే తెగేదాకా లాగాడు రామకోటేశ్వరరావు. రెండో గ్లాసు తర్వాత లేచి, కౌబాయ్ టోపీ సర్దుకుని, నతానియేలు వెనక నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఎన్నాళ్ళీ దాగుడుమూతలు? సెక్రటరీ అయితే ఏం చేస్తావో చెప్పు, విందాం."

"సెక్రటరీ ఏంటండీ? నేనా?" నతానియేలు తెల్లబోయాడు.

"చూశారా, ఎంత అమాయకుడో! ఆ టోపీ కింద ఏం ప్లానుందో చూద్దాం ఉండండి," అంటూ ఆయన సరదాగా టోపీ పట్టుకుని పైకి లాగేశాడు.

తలమీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమ్మలూ లేవు. ఇన్నాళ్ళూ టోపీ కిందికి లాక్కుని ఉండటంతో ఎవరూ గమనించలేదు. లైటు వెలుగులో ఆ ముఖం ముసలివాడిలాగానూ లేదు, కుర్రవాడిలాగానూ లేదు. వంటగదిలో శౌరమ్మ చేపలు తిప్పడం మానేసింది.

"కీమో అండి," అన్నాడు నతానియేలు, అదేదో తన తప్పయినట్టు. "విజయవాడలో ఇస్తున్నారు. అందుకే చలి."

రామకోటేశ్వరరావు చేతిలో టోపీ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియని మనిషిలా అటూ ఇటూ చూశాడు. చివరికి తనే నతానియేలు తలకి తొడిగాడు. వంకరగా తొడిగాడు. నతానియేలు సరిచేసుకుని, జీవరత్నం గారి వైపు తిరిగి, "మళ్ళీ టోపీ పెట్టాను కదా సాబ్, గంట కొట్టండి," అని నవ్వాడు.

ఆయన కొట్టలేకపోయారు. ఇంకెవరూ నవ్వలేదు.

మరుసటి వారానికి మెస్‌వాళ్ళంతా మంచివాళ్ళయిపోయారు. అక్కడే వచ్చింది చిక్కు. సెక్రటరీ గారు గంటకి గుడ్డ చుట్టించారు. రామకోటేశ్వరరావు మెత్తటి దిండు తెచ్చి కుర్చీలో వేశాడు. శౌరమ్మ వేపుడు మానేసి జావ కాచింది. నతానియేలు గుమ్మంలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. "ఎలా ఉందయ్యా?" అని ఒకరి తర్వాత ఒకరు చెవి దగ్గరికి వచ్చి అడిగారు. నతానియేలు దిండు మీద కూర్చుని, సగం జావ తాగి, "వెళ్ళొస్తానండి" అని మెల్లిగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను రాలేదు. అతను రాకపోయేసరికి మిగతావాళ్ళు కూడా ముఖాలు చెల్లక మానేశారు. క్యాన్సర్ ఉన్నవాడి డబ్బుతో తాగామన్నది ఒకరికొకరు చెప్పుకోలేని మాట. నెల తిరిగేసరికి ఓనరు మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. హాల్లోకి బరువులు, అద్దాలు దిగాయి. కుర్చీలు, గంట జీవరత్నం గారింటికి చేరాయి. మొదటి ఖాళీ శనివారం ఆయన ఆ కుర్చీలన్నిటి మధ్యా కూర్చుని, చీకటి పడినా లైటు వెయ్యకుండా ఏడ్చారు. తెరేసమ్మ పోయినరోజు తర్వాత అలా ఏడవడం అదే.

మర్నాడు చర్చి నుంచి తిన్నగా ఈడుపుగల్లు వెళ్ళారు. ఎండ మండిపోతోంది, నెత్తిన తువ్వాలు వేసుకున్నారు. గేటు దగ్గర నతానియేలు భార్య మార్త ఎదురొచ్చింది.

"వందనాలు అన్నయ్య గారూ. మీరొస్తారని ఆయన రోజూ ఎదురుచూస్తున్నారు," అంది గొంతు తగ్గించి. "మీకు ముందునుంచీ తెలుసంట కదా. తెలిసి కూడా ఏమీ తెలీనట్టు గంట కొట్టేవారంట. ఆ టోపీ ఇచ్చిన రోజు ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మామూలు టోపీలు నెత్తికి గుచ్చుకుంటన్నాయని సాబ్‌కి ఎట్టా తెలిసిందే, చూడు, మనిషంటే ఆయనే అని."

జీవరత్నం గారు నెత్తిమీది తువ్వాలు సర్దుకున్నారు. కాదని చెబితే లోపలున్న మనిషి దగ్గర మిగిలిన ఒక్క సంతోషమూ లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే తనకి తగని మంచితనం జీవితాంతం మోయాలి. రెండోదే ఎంచుకుని లోపలికి నడిచారు.

నతానియేలు మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. తెరేసమ్మ అల్లిన టోపీ అతని తలకి వదులైంది.

"ఎందుకు రావడం మానేశావయ్యా?" అని అడిగారు జీవరత్నం గారు. చాలా మెల్లిగా అడిగారు.

"ఇదిగో, ఇందుకే సాబ్. ఇంట్లో గుసగుసలే, హాస్పిటల్లో గుసగుసలే. చర్చిలో నా కోసం ప్రార్థన చేసినా గొంతు తగ్గించేస్తున్నారు. మెస్‌లో ఒక్కచోటే మీరు నన్ను మనిషిలా చూసి, గంట కొట్టి, ముక్కుపిండి వసూలు చేశారు. ఆ కాసేపు నాకు జబ్బున్నట్టే ఉండేది కాదు." అలసిపోయి కాసేపు ఆగాడు. "చివరికి మీరూ గంటకి గుడ్డ చుట్టేశారు."

జీవరత్నం గారు కళ్ళు తుడుచుకోబోయి తువ్వాలు కోసం తలమీదికి చెయ్యి పెట్టారు. అది చూసిన నతానియేలు కళ్ళు ఒక్కసారి వెలిగాయి. పక్కనున్న స్టీలు గ్లాసు తీసుకుని, స్పూనుతో ఠంగుమని కొట్టాడు.

"సెక్రటరీ గారూ! తలమీద తువ్వాలు!"

"ఇది మెస్ కాదుగా!"

"సెక్రటరీ ఉన్నారు, మెంబరున్నాడు, గ్లాసుంది. ఇంకేం కావాలండీ మెస్‌కి? మార్తా, మూడు గోలీసోడాలు చెప్పు. సాబ్ ఇస్తారు డబ్బులు."

ఇన్నేళ్ళుగా అందరి చేతా ఖర్చు పెట్టించిన సెక్రటరీ చేత ఖర్చు పెట్టించిన మొదటి మెంబరు నతానియేలే. మార్త సోడా తాగుతూ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆమె ముఖమే చెప్పింది.

ఆ తర్వాతి శనివారానికి కుర్చీలు, గంట ఆటోలో ఈడుపుగల్లు చేరాయి. రామకోటేశ్వరరావు గుమ్మంలోంచే గొంతు చించుకుంటూ వచ్చాడు. తలమీద కౌబాయ్ టోపీ, చంకలో పుచ్చకాయ. అబ్రహాము హెల్మెట్‌తో వచ్చాడు. ఇద్దరి మీదా గంట మోగించింది మంచం మీది మనిషే. రామకోటేశ్వరరావు బిల్లు విషయంలో కాస్త నసిగితే, "ఎలక్షన్లో ఓడిపోతారండోయ్!" అని బెదిరించాడు. వారం వారం మంది పెరిగారు. ఏనాడో మానేసిన పెద్దవాళ్ళు కూడా కర్రలు పట్టుకుని వస్తుంటే జీవరత్నం గారికి ఆశ్చర్యం వేసి అడిగారు.

"ఆ మెట్లు ఎక్కలేక మానేశామండీ. సోల్జర్లమయ్యుండి మెట్లెక్కలేమని ఎట్టా చెప్పుకుంటాం?" అన్నారు వాళ్ళు.

ఇన్నేళ్ళూ ఎత్తులు వేసి తల బద్దలు కొట్టుకున్న సెక్రటరీ గారు ఆ మాట విని, ఒక్క మెట్టు కూడా లేని ఆ గుమ్మాన్ని చూస్తూ నిలబడ్డారు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. శౌరమ్మ పెరట్లో పొయ్యి పెట్టుకుంది. మెస్ పుట్టినప్పటి నుంచీ లేని లాభం మెస్‌కే చోటు లేకుండా పోయాక వచ్చింది.

కాలవలకి నీళ్ళు వదిలిన వారంలో నతానియేలు పోయాడు. తలమీది టోపీ తియ్యబోతే మార్త ఒప్పుకోలేదు. జీవరత్నం గారి వైపు చూసి, "ఉండనివ్వండి అన్నయ్య గారూ, ఆయనకి చలి," అంది. సమాధి దగ్గర అందరూ వానలో తడుస్తూ నిలబడ్డారు, ఒక్కరి తలమీదా ఏమీ లేదు.

ఆ శనివారం ఎవరికి వారే ఇంట్లో ఉండిపోయారు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళి గ్లాసులు పట్టుకోవడం పద్ధతి కాదని ఎవరూ చెప్పకుండానే అందరూ అనుకున్నారు. జీవరత్నం గారు టీవీ పెట్టారు, కట్టేశారు. రెండోసారి స్నానానికి లేచారు. అప్పుడు ఫోను మోగింది.

"అన్నయ్య గారూ, నేను మార్తనండి." అంది అవతలి గొంతు. "ఇవాళ శనివారం కదా, ఒక్కరూ రాలేదేంటి? ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం నేను పడలేకపోతున్నానండి."

ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆమెకి ఆయన చెప్పనక్కర్లేదు, ఆయనకి ఆమె చెప్పనక్కర్లేదు. స్నానానికి తీసిన తువ్వాలు భుజం మీద ఉండగానే అందరికీ ఫోన్లు చేశారు. చీకటి పడకముందే అందరూ వచ్చారు. వచ్చి, ఖాళీ మంచం చూసి, తలలు వంచుకుని గోడవారగా కూర్చున్నారు. రామకోటేశ్వరరావు టోపీ వీపు వెనక దాచుకున్నాడు. ఎవరో ఎవరి చెవిలోనో ఏదో అన్నారు.

మార్త నడిగదిలోకి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది.

"గుసగుసలు ఆయనకి పడవు," అంది. "గట్టిగా మాట్లాడండి. కోటేశ్వర్రావు గారూ, ఆ టోపీ పెట్టుకోండి."

ఆయన పెట్టుకున్నాడు. ఆమె గంట తాడు పట్టుకుని, బలం కొద్దీ లాగింది.

కాసేపటికి పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, కాస్త గోల తగ్గించమని అడిగాడు. మెస్ పెట్టిన ఇన్నేళ్ళలో అలాంటి ఫిర్యాదు రావడం అదే మొదటిసారి.